సబ్ పేజీలో నేను పెట్టని 3.70

నా స్పీకర్ల సెట్‌లో 90 హెర్ట్జ్ దగ్గరి గుంట, అంటే కొలత గీతలో శబ్దం తగ్గిపోయే చోటు, పూడింది! ఎడమ వైపు మాత్రమే. కుడి వైపు ఇంకా 3 డీబీ లోటు ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను. కానీ ఎడమ వైపు కోసం మూడు రాత్రులు పోయాయి కాబట్టి ముందు అదే రాయాలి.

సెటప్ పాతదే. ఒక్కో వైపు 18 అంగుళాల సబ్ (బరువు శబ్దాలకి), 12 అంగుళాల మిడ్ (మధ్య శబ్దాలకి), హారన్ (సన్న శబ్దాలకి). శబ్దాన్ని విడగొట్టి వీటికి పంపేది ప్రాసెసర్. దాని అవుట్ 1, 2, 3 ఎడమ సబ్, మిడ్, హారన్‌కి, 4, 5, 6 కుడి వైపుకి. క్రాస్‌ఓవర్లు, అంటే విడగొట్టే హద్దులు, 90, 1800 హెర్ట్జ్, రెండూ లింక్‌విట్జ్-రైలీ 24 (ఆక్టేవ్‌కి 24 డీబీ చొప్పున కోసే ఫిల్టర్). ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని సాఫ్ట్‌వేర్‌కి సీరియల్ పోర్ట్ కావాలి, నా లాప్‌టాప్‌కి అది లేదు. అందుకే అన్నీ ముందు ప్యానెల్ బటన్ల మీదే చేస్తున్నాను. నిజానికి నాకు అదే ఇష్టం. పందిట్లో ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు లాప్‌టాప్ తెరిచి కేబుల్ వెతుక్కోవడం కంటే, చేతికి అలవాటైన నాలుగు బటన్లు నయం.

మిడ్-హారన్ జాయింట్ ఒక్క సాయంత్రంలో కుదిరింది: హారన్‌కి 0.30 మిల్లీసెకన్ల డిలే, అంటే శబ్దాన్ని అంత ఆలస్యంగా పంపడం.

ఇక అసలు గొడవ. సబ్, మిడ్ కలిపి కొలిస్తే సరిగ్గా 90 దగ్గర 6 డీబీ గుంట. విడివిడిగా చూస్తే రెండు గీతలూ శుభ్రంగా ఉన్నాయి, 90 దగ్గర రెండూ 6 డీబీ కిందే దాటుకుంటున్నాయి. అంటే కలిసినప్పుడు గీత చదునుగా రావాలి. 6 డీబీ గుంట వచ్చిందంటే రెండింటి మధ్య ఫేజ్ తేడా (ఒక తరంగం రెండోదానికంటే ఎంత వెనకబడిందో) 120 డిగ్రీలు. 90 హెర్ట్జ్‌లో ఒక మిల్లీసెకనుకి 32.4 డిగ్రీలు, కాబట్టి మిడ్‌కి సుమారు 3.7 మిల్లీసెకన్లు డిలే ఇస్తే చాలు.

టేపుతో కొలిస్తే మైక్‌కి మిడ్ కంటే సబ్ 40 సెంటీమీటర్లు మాత్రమే దూరం, అంటే 1.13 మిల్లీసెకన్లు. మిగతా 2.6 ఎక్కడిది? నా అంచనా, డబ్బాలదే. 12 అంగుళాల డబ్బా 55 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే దిగిపోతుంది, ఆ ఫేజ్ కూడా 90 దాకా పాకుతుంది. దూరం కొలిచి డిలే పెట్టేయమని చాలామంది చెప్తారు. హారన్ దగ్గర అది కొంతవరకు నడుస్తుందేమో కానీ సబ్ దగ్గర నేను నమ్మను.

మొదటి రాత్రి అవుట్ 2 డిలే పేజీకి వెళ్లి నాబ్ తిప్పాను. నెమ్మదిగా తిప్పితే క్లిక్‌కి ఒక శాంపిల్, 48 కిలోహెర్ట్జ్ కాబట్టి 0.02 మిల్లీసెకన్లు. గబుక్కున తిప్పితే మిల్లీసెకన్లకి మిల్లీసెకన్లు దూకేస్తుంది. 3.70 చేరడానికి నెమ్మదిగా అయితే 178 క్లిక్కులు. అందుకని మూడు దాకా దూకించి, అక్కణ్నుంచి క్లిక్ క్లిక్‌గా వెళ్లాను. హారన్ కూడా మిడ్‌తో పాటే వెనక్కి జరగాలి కాబట్టి దాన్ని 4.00 చేశాను. ఇది మర్చిపోతే 1800 దగ్గర కొత్త గుంట పడుతుంది.

మళ్లీ కొలిచాను. 6 డీబీ గుంట అలాగే ఉంది. 1.00 పెట్టాను, 6. 2.00 పెట్టాను, 6. 5.00 పెట్టినా 6.

డిలే పని చేయట్లేదేమో అనుకుని ఇంపల్స్, అంటే శబ్దం మైక్‌కి ఎప్పుడు చేరిందో చూపే గీత, చూశాను. కొలతల మైక్ ఈసీఎం8000, లూప్‌బ్యాక్‌తో (పంపిన సిగ్నల్‌నే వెనక్కి తెచ్చి దానితో పోల్చి) కొలుస్తున్నాను కాబట్టి టైమింగ్ నమ్మొచ్చు. శబ్దం సరిగ్గా 3.7 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వస్తోంది! నన్ను పక్కదారి పట్టించింది ఇదే. డిలే పని చేస్తోందని రుజువు దొరికేసరికి, ఆ పేజీని అనుమానించడం మానేశాను.

రెండో రాత్రి మిగతా అనుమానాలన్నీ తీర్చుకున్నాను. డాబా మీద గదిలో 36 డిగ్రీల వేడి, ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు కాదు, 353. కానీ 40 సెంటీమీటర్లకి దాని తేడా 0.03 మిల్లీసెకన్లే, 90 హెర్ట్జ్‌లో ఒక్క డిగ్రీయే. మైక్ నేల మీద పెట్టి కొలిచినా మార్పు లేదు. మిడ్ పోలారిటీ (ప్లస్ మైనస్) తిప్పితే 90 దగ్గర లోటు ఒక డీబీకి తగ్గింది కానీ, 70 దగ్గర కొత్తగా 2 డీబీ పడింది. ఫేజ్ గీతలు ఎక్కడో ఒకచోట దాటుకుంటున్నాయే తప్ప కలిసి నడవట్లేదు. ప్లస్ మైనస్ మార్చి గుంటని కప్పేయడం నాకు నచ్చదు, అందుకే మళ్లీ మామూలు స్థితికి తెచ్చాను.

మూడో రాత్రి దొరికింది. సబ్ గెయిన్ (శబ్ద స్థాయి) అర డీబీ తగ్గిద్దామని అవుట్ 1 నొక్కాను, పేజీలు తిప్పుతుంటే దాని డిలే కనిపించింది: 3.70. నేను ఆ పేజీలో ఒక్క క్లిక్ కూడా తిప్పలేదు. వెంటనే అవుట్ 2కి వెళ్లి 3.00 చేసి వెనక్కి వస్తే అవుట్ 1 కూడా 3.00.

లింక్! పాత ఓనరు అవుట్ 1, 2ని రెండు సబ్‌లకి వాడుకుని ఉంటాడు, వాటి డిలేలు జత చేసి ఉన్నాయి. నేను ఆయన దాచిన సెట్టింగుల మీదే, అంటే పాత ప్రీసెట్ మీదే, మార్పులు చేసుకుంటూ వచ్చాను. గెయిన్, ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే సెట్టింగు) జతలో లేవు, డిలే ఒక్కటే. అందుకే అనుమానం రాలేదు. సబ్, మిడ్ రెండూ కలిసి వెనక్కి జరుగుతుంటే వాటి మధ్య తేడా ఎలా మారుతుంది? లింక్ అయిన చానల్‌కి కనీసం ఒక ఎల్‌ఈడీ వెలిగి ఉంటే మూడు రాత్రులు మిగిలేవి.

సెటప్ పేజీలో లింక్ తీసేసి, సబ్‌ని సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టాను. మిడ్ డిలే 0 దగ్గర 6 డీబీ లోటు, 1.00 దగ్గర 3, 2.00 దగ్గర 1, 3 దాటాక చదును. కానీ 3 నుంచి 4.4 దాకా గీత దాదాపు ఒకేలా కనిపిస్తుంది, సరైన అంకె తేలదు. అందుకే మిడ్ పోలారిటీ తిప్పి ఎక్కడ లోతుగా కోస్తుందో చూశాను (ఫేజ్ ఎంత బాగా కలిస్తే, తిప్పినప్పుడు అంత లోతు): 3.40 దగ్గర 21 డీబీ, 4.00 దగ్గర 22, 3.70 దగ్గర 30 పైనే. పోలారిటీ మామూలు చేసి, కొత్త ప్రీసెట్‌గా స్టోర్ చేసి, పవర్ తీసి వేసి మళ్లీ కొలిచాను. అలాగే ఉంది.

ఇకనుంచి ఏ సెకండ్ హ్యాండ్ యూనిట్ తెచ్చినా ముందు ఖాళీ ప్రీసెట్ లోడ్ చేసి, ఆరు అవుట్‌పుట్ల ప్రతి పేజీ ఒకసారి కళ్లారా చూశాకే పని మొదలుపెడతాను. ప్యానెల్ సంగతికొస్తే నా ఓటు ఎక్స్‌టీఏ కంపెనీ ప్రాసెసర్ల పద్ధతికే. ఫ్రీక్వెన్సీ, క్యూ (ఈక్యూ ఎంత వెడల్పున పని చేయాలో), గెయిన్‌కి వేరువేరు నాబ్‌లు ఉంటే చెయ్యి తడుముకోదు. డ్రైవ్‌ర్యాక్ పీఏ2 అనే ప్రాసెసర్ టాబ్లెట్‌తో నడుస్తుంది, కొత్తవాళ్లకి సులువే. కానీ దాని ఆటో ఈక్యూ మీద నాకు గురి లేదు, లోటు ఎందుకొచ్చిందో తెలియకుండానే ఈక్యూతో నింపుతుంది.

ఇప్పుడు కుడి వైపు. అక్కడ లింక్ లేదు, డిలే మాట వింటోంది, అయినా 3 డీబీ మిగిలింది. సబ్ ఒక్కదాన్నే కొలిస్తే 92 దగ్గర దాని గీతలోనే 5 డీబీ పల్లం ఉంది. ఎడమ సబ్ వెనక తలుపు తీసి ఉంటుంది, కుడి సబ్ వెనక సిమెంట్ గోడ. కోన్ నుంచి గోడకి 96 సెంటీమీటర్లు. 353ని దానికి నాలుగు రెట్లయిన 3.84తో భాగిస్తే 92! గోడకి తగిలి వచ్చే శబ్దం అర తరంగం ఆలస్యంగా వచ్చి కోసేస్తోంది. ఏ డిలే దీన్ని సరి చేయదు, ఈక్యూతో నింపితే ఆంప్ పవర్ దండగ.

ఆదివారం ఆ డబ్బాని వెనక్కి తోస్తాను. కోన్ నుంచి గోడకి 70 సెంటీమీటర్లు చేస్తే పల్లం 126కి జరుగుతుంది, అక్కడ సబ్ ఎలాగూ దాదాపు 14 డీబీ కిందుంటుంది. సబ్ కదిలింది కాబట్టి డిలే మళ్లీ వెతకాలి.

ఆ తర్వాత లిమిటర్, అంటే శబ్దం హద్దు దాటకుండా ఆపేది. 8 ఓమ్‌ల సబ్‌కి 600 వాట్లు అంటే 69 వోల్టులు. ఆంప్ గెయిన్ 32 డీబీ, కాబట్టి ప్రాసెసర్ అవుట్‌పుట్‌లో 7 డీబీయూ (వోల్టేజీని డీబీల్లో చెప్పే కొలత). నేను 4 దగ్గర మొదలుపెడతాను. వినాయక చవితి పందిట్లో రోజుకి ఆరు గంటలు మోగాలి, సబ్ లోపలి కాయిల్ వేడెక్కకూడదు.