రేపటి భిక్ష, ఇంగువ గొడవ

బుధవారం. రేపు భిక్ష, అంటే బౌద్ధ భిక్షువులకు భోజనం పెట్టడం. సింహళ భిక్షువులు ముగ్గురు, వియత్నాం వాళ్లు ముగ్గురు, టిబెటన్లు ఇద్దరు. ఇవాళ పనంతా వంట జాబితా మీదే.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ శాఖల తేడా ఒక పట్టిక: ఇటు సింహళం వాళ్ల థేరవాదం, అటు వియత్నాం, టిబెట్ వాళ్ల మహాయానం. ఇటు పాళీ, అటు సంస్కృతం. ఇటు తాను విముక్తి పొందే అర్హతుడు, అటు అందరి విముక్తి కోసం బుద్ధత్వం కోరే బోధిసత్వుడు. వంటింట్లో ఆ పట్టిక సగం అక్కరకు రాదు. ఎందుకంటే మహాయానానికంటూ వేరే భిక్షు నియమావళి పుట్టలేదు; అందరిదీ పాత నికాయాల (తొలినాటి శాఖల) వినయమే, అంటే భిక్షు నియమావళే. థేరవాదులకు 227 నియమాలు, చైనా, వియత్నాంలో నడిచే ధర్మగుప్తక వినయంలో 250, టిబెట్ వాళ్ల మూలసర్వాస్తివాదంలో 253. హెచ్చుతగ్గులు ఎక్కువగా కూర్చోవడం, నడవడం, తినడం లాంటి చిన్న మర్యాదల దగ్గరే. మధ్యాహ్నం దాటితే తినకూడదన్న నియమం మూడింటిలోనూ ఉంది. పట్టింపులోనే తేడా: థేరవాదులు గట్టిగా పాటిస్తారు, చైనా సంప్రదాయంలో రాత్రి భోజనానికి ‘మందు’ అని పేరుపెట్టి తింటారు, టిబెటన్లు కూడా చాలామంది తింటారు.

కాబట్టి వేళ సింహళం వాళ్లను బట్టే. వినయంలో మధ్యాహ్నమంటే సూర్యుడు నడినెత్తికి రావడం. హైదరాబాదులో అది నవంబరు మొదట్లో గడియారం పన్నెండుకే, ఫిబ్రవరిలో పన్నెండున్నరకు. ఏ కాలమైనా గడియారం పన్నెండే గడువనుకుంటే గొడవ ఉండదు. 10:45కి కూర్చోబెట్టాలి, త్రిశరణాలు, పంచశీలాలు పావుగంట, 11కి వడ్డన. చాలాచోట్ల భిక్ష చెడేది వంట వల్ల కాదు, ముఖ్య అతిథి మైకు వదలక. పన్నెండు దాటాక ఎంత కమ్మటి పప్పయినా వాళ్లు ముట్టరు. ఉపన్యాసాలు భోజనాలయ్యాకే.

గిన్నెలు బల్ల మీద పెట్టేసి ‘కానివ్వండి భంతే (స్వామీ)’ అంటే చాలదు. రెండు చేతులతో ఎత్తి అందించాలి, వాళ్లు చేత్తో అందుకోవాలి. అందించిన గిన్నెను మనవాళ్లు ఎవరైనా సర్దబోయి పక్కకు జరిపితే మళ్లీ అందించాల్సిందే. జామ, దానిమ్మ లాంటి మొలకెత్తే గింజల పళ్లకు ఇంకో మెట్టు ఉంది. భిక్షువు ‘కప్పియం కరోహి’ (తినదగినట్టు చెయ్యి) అంటే, ఇచ్చేవాళ్లు ఒక పండును కత్తిమొనతో గుచ్చి ‘కప్పియం భంతే’ (తినదగినదే స్వామీ) అనాలి. పళ్లన్నీ ఒకదానికొకటి తగిలేలా పళ్లెంలో పేర్చి ఉంటే ఒక్కదాన్ని గుచ్చినా చాలు. అరటిపండుకు ఈ తతంగం లేదు.

మాంసం సంగతి. తన కోసం చంపారని చూడనిది, విననిది, అనుమానం లేనిది అయితే థేరవాద భిక్షువు తినొచ్చు; చుట్టాలొస్తున్నారని కోడిని కోసినట్టు కోస్తే మాత్రం కూడదు. టిబెట్ చలిలో బార్లీ తప్ప పెద్దగా పండదు, అందుకే మహాయానులైనా అక్కడ మాంసం తిన్నారు. వియత్నాం వాళ్లకు అసలే కుదరదు. చైనాలో చెలామణి అయిన బ్రహ్మజాల సూత్రంలో (పాళీలో అదే పేరున్న సూత్రం వేరు) 10 పెద్ద, 48 చిన్న బోధిసత్వ శీలాలున్నాయి. చిన్నవాటిలో మూడోది మాంసం వద్దంటుంది. నాలుగోదే మనకొచ్చిన చిక్కు: ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల జాతివి ఇంకో రెండు, ఆపైన ఇంగువ, ఈ ఐదూ కూడదంటుంది. వండి తింటే కామం, పచ్చిగా తింటే కోపం పెరుగుతాయని ఇంకో సూత్రం కారణం చెబుతుంది. చైనా వంటల్లో ఇంగువ పెద్దగా వాడరు కనక అక్కడ ఆ ఐదోది పేరుకే. మన దగ్గరేమో పప్పులో, పులిహోరలో, మజ్జిగలో కూడా అదే! వెల్లుల్లి ఆవకాయ, ఇంగువ మాగాయ రెండూ వియత్నాం వాళ్ల వరసలోకి పోకూడదు. గుడ్డు వద్దు. పెరుగు, నెయ్యి వాళ్లను అడిగి వడ్డించాలి.

రెండు వంటలు పెట్టుకుంటే గరిటెలు కలిసిపోతాయి. అందరికీ ఒకటే వంట, ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ లేకుండా.

రేపు సాయంత్రానికి సింహళం వాళ్లకు వడకట్టిన పళ్లరసం, పాలు పోయని టీ. వినయం మందులుగా ఒప్పుకున్న ఐదింటిలో నెయ్యి, తేనెలతో పాటు బెల్లమూ ఉంది, కాబట్టి టీలో బెల్లం వేయొచ్చు. రసంలో పిప్పి మిగిలితే అది ఆహారం కింద లెక్క. పల్చటి గుడ్డతో వడకట్టాలి.

ఇవాళ సాయంత్రం సరుకులొచ్చాయి. సాంబారు పొడి పాకెట్ వెనక చూస్తే చివరి పేరు ఇంగువే. పొద్దున్నే లేచి పొడి కొట్టుకోవాలి.