ఇస్త్రీ పెట్టకుండా రింగుల జుట్టు సాగదీయడం: అమెరికాలో పెరిగే మన పిల్లల కోసం

స్కూల్లో ఫొటో డే దగ్గర పడగానే, లేదా మిడిల్ స్కూల్లో అడుగు పెట్టగానే, రింగుల జుట్టున్న ఆడపిల్లలు చాలామంది అడిగేది ఒకటే: "నాకు స్ట్రెయిట్‌నింగ్ చేయించండి." ఇటు వీడియో కాల్లో అమ్మమ్మేమో "దాని తలేంటే అలా పిచ్చుక గూడులా ఉంది, నూనె పెట్టడం లేదా?" అంటుంది. రెండు వైపుల నుంచీ పిల్ల చెవిన పడేది ఒకటే, నీ జుట్టు బాగాలేదని. అలాంటప్పుడు "వద్దు" అని కసిరి ఊరుకుంటే, రెండేళ్లయ్యాక ఫ్రెండ్ ఇంట్లో 200 డిగ్రీల సెల్సియస్ ఐరన్ తలకి పెట్టేసుకుంటుంది. అంతకన్నా హాని లేని పద్ధతి మనమే చేసి చూపించి, దానితో ఎంతవరకు అవుతుందో కూడా ముందే చెప్పేస్తే మంచిది.

ముందు జుట్టు సంగతి. వెంట్రుకలో ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్. రింగు ఆకారాన్ని శాశ్వతంగా పట్టి ఉంచేవి గంధకపు బంధాలు. వాటిని తెంచాలంటే గాఢమైన రసాయనాలే కావాలి. వాటితో పాటు హైడ్రోజన్ బంధాలని ఉంటాయి. ఇవి తడి తగలగానే విడిపోతాయి, ఆరుతున్నప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కట్టుకుంటాయి. వేడి లేకుండా సాగదీయడమంటే ఈ రెండో రకంతో పని చేయించుకోవడమే. అందుకే ఫలితం మళ్లీ తల తడిసేదాకానే. నీళ్లు, చెమట, వాన, ఆఖరికి గాల్లో తేమ తగిలినా రింగులు వెనక్కి వచ్చేస్తాయి. ఐరన్‌తో లాగినట్టు నున్నగా వాలదు కూడా. ముడుచుకున్న జుట్టు సాగి, పొడుగ్గా, మెత్తటి అలల్లా కనిపిస్తుంది. ఈ మాట పిల్లకి ముందే చెప్పకపోతే పొద్దున్న అద్దం ముందు ఏడుపు ఖాయం.

సెలూన్లలో "కెరటిన్ ట్రీట్‌మెంట్" పేరుతో చేసేది వేడి లేని పద్ధతని చాలామంది అనుకుంటారు. కాదు. మందు పూసి, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐరన్‌తో పదేపదే లాగితేనే అది పడుతుంది. ఆ వేడికి చాలా మందుల నుంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, అది క్యాన్సర్ కారకం. "ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అని రాసిన వాటిలో తరచుగా ఉండేది గ్లైఆక్సిలిక్ ఆమ్లం. దాన్ని వాడాక ఒక యువతికి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రసాయన స్ట్రెయిట్‌నర్ల మీద అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్లు గమనించారు. ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లకు గర్భాశయ క్యాన్సర్ రావడం, వాడనివాళ్లతో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉందని 2022లో ప్రకటించారు. కారణం ఇదేనని అది తేల్చలేదు గానీ, పిల్లల తల మీద ప్రయోగం చేయడానికి మాత్రం ఏ సాకూ మిగల్చలేదు.

ఇక పని. పావు వంతు మాత్రమే సాగదీయడం, మిగతా ముప్పావు చిక్కు తీయడమే. మన ఇళ్లలో అలవాటు పొడి జుట్టుకి నూనె రాసి సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి కిందికి లాగడం. రింగుల జుట్టుకి అంతకన్నా చెరుపు లేదు. ప్రతి వంపు దగ్గరా దువ్వెన పట్టుకుని వెంట్రుకను తెంపుతుంది, తెగిన ముక్కలే పైకి లేచి పొగలా కనిపిస్తాయి. నూనె తలంటుకి ముందు పెట్టాలి: గంటా రెండు గంటల ముందు ఒకటి రెండు చెంచాల కొబ్బరి నూనె, ముఖ్యంగా చివర్లకి. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది కాబట్టి తలంటులో ప్రొటీన్ పోవడం తగ్గుతుంది. తలంటు తర్వాత జిడ్డుగా పెడితే జుట్టు బరువెక్కి అంటుకుపోతుందే తప్ప నిలవదు.

షాంపూ మాడుకి మాత్రమే. తర్వాత కండిషనర్ ధారాళంగా, భుజాల దాకా జుట్టుంటే అరచేతి నిండా. తలను నాలుగు భాగాలు చేసి, కండిషనర్ ఉండగానే పెద్దపళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలెట్టి అంగుళం అంగుళం పైకి రావాలి. తడి వెంట్రుక మామూలు కన్నా ఎక్కువ సాగుతుంది, అలాగే తేలిగ్గా తెగుతుంది. చిక్కు పడ్డచోట వేళ్లతో విప్పాలి, లాగకూడదు. కడిగాక తువ్వాలుతో రుద్దొద్దు. పాత కాటన్ టీషర్టుతో నొక్కి నీళ్లు పిండండి.

తర్వాత జుట్టు ముప్పావు వంతు ఆరేదాకా వదిలేయాలి. ఈ దశ దాటేసేవాళ్లే ఎక్కువ. తడితడిగా కట్టేస్తే లోపలి పాయలు తెల్లారినా ఆరవు, ఆరకపోతే ఆకారం నిలవదు. తొందరైతే డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి వాడొచ్చు.

పట్టు కోసం జెల్ కావాలంటే అవిసె గింజలు చాలు. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు, మధ్యస్తం మంట మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. చెంచా ఎత్తితే సన్నగా తీగ సాగాలి, అక్కడే దించేయాలి. వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గింజలు జెల్‌ని పట్టుకుని వదలవు. ఫ్రిజ్‌లో వారం ఆగుతుంది, వాసన మారితే పారేయండి.

సాగదీయడానికి మంచి పద్ధతి బ్యాండ్లు కట్టడం. ఇలాంటి పద్ధతులు తరతరాలుగా ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్లలో ఉన్నాయి. ఈ దేశంలో రింగుల జుట్టు సంగతి వాళ్లకి తెలిసినంతగా మన బంధువులకి తెలియదు, మొహమాటపడకుండా అడగొచ్చు. తలను ఆరు నుంచి ఎనిమిది పాయలు చెయ్యండి. ఒక్కో పాయకి ఉసిరికాయంత జెల్ రాసి, దువ్వి, చేత్తో నిటారుగా పట్టుకుని కుదుళ్ల దగ్గర గుడ్డ చుట్టిన మెత్తటి రబ్బరు బ్యాండు వెయ్యండి. అక్కడి నుంచి ప్రతి అంగుళానికీ ఒకటి, చివరిదాకా. పాయ నిటారుగా ఉండాలి గానీ మాడు లాగినట్టు ఉండకూడదు. నుదుటి దగ్గర చర్మం తెల్లబడినా, బొబ్బల్లా లేచినా వెంటనే వదులు చెయ్యాలి. అలా రోజూ లాగితే నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా పలచబడొచ్చు. మన గట్టి రెండు జడలకీ ఇదే వర్తిస్తుంది. ఆఫీసు రబ్బరు బ్యాండ్లు మాత్రం వాడొద్దు, తీసేటప్పుడు వెంట్రుకలు వాటితోనే వచ్చేస్తాయి. పైన సాటిన్ గుడ్డ కట్టి పడుకోబెట్టండి. పూర్తిగా ఆరాకే, చివరి బ్యాండు నుంచి పైకి విప్పుతూ రావాలి.

బ్యాండ్ల గుర్తులు పడితే అవి మరీ బిగువుగా ఉన్నాయి, లేదా తడి ఆరకుండానే విప్పారు. కుదుళ్లు ఉబ్బి చివర్లు మాత్రం సాగితే మొదటి బ్యాండు మాడుకి దూరంగా వేశారని. తెల్లటి పొట్టు రాలితే, జెల్‌కి ముందు మీరు రాసిన క్రీముతో అది కలవలేదని. ఈసారి ముందు అరచేతిలో రెండూ కలిపి చూడండి, గడ్డలు కట్టకూడదు. రెండు వదులు జడలేసి పడుకోబెడితే అంతగా సాగదు, జడ వంకర్లే నిలుస్తాయి.

ఊరిని బట్టి కూడా మారుతుంది. జులైలో హ్యూస్టన్‌లో బయటికెళ్లిన గంటకే ఉబ్బుతుంది, అక్కడ గ్లిజరిన్ ఉన్న క్రీములు గాల్లో తేమను ఇంకా లాగుతాయి, మానేయండి. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో లాంటి చోట్ల కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, ఎంత కండిషనర్ రాసినా జుట్టు గరుగ్గానే ఉంటుంది. నెలకోసారి, ఆ సున్నాన్ని పట్టి తీసేసే ఇడిటిఎ అనే పదార్థం ఉన్న షాంపూతో ఆ పొర వదిలించాలి. ఈతకి వెళ్లే పిల్లలైతే ముందు మంచినీళ్లతో తల తడపండి, క్లోరిన్ నీళ్లు అంతగా ఇంకవు.

పుట్టు వెంట్రుకలు సరిగ్గా తీయలేదు, ఇంకోసారి గుండు చేయిస్తే నిటారుగా వస్తుందనే సలహా కూడా వస్తుంది. రింగు తయారయ్యేది చర్మం లోపల, కుదురు వంపులో. పైన గొరిగితే మారేది పొడవు ఒక్కటే. వయసుతో జుట్టు తీరు మారడం మాత్రం నిజమే. గుండు తర్వాత మారినట్టు అనిపించేది చాలాసార్లు అదే.

ఇండియాలో పెళ్లికి తీసుకెళ్తుంటే సాగదీసి విరబోసుకునే ఆశ పెట్టుకోవద్దు. కోస్తా ఉక్కకి మంటపం చేరేలోపే రింగులు తిరుగుతాయి. కానీ పూలజడకి ముందు రోజు రాత్రి బ్యాండ్లు కట్టి పెడితే సవరం కుదురుగా కూర్చుంటుంది, పాయలు సమంగా పడతాయి. జడ వేసే ఆవిడ సన్నపళ్ల దువ్వెన తీసేలోపు మీ పెద్దపళ్ల దువ్వెన ఆవిడ చేతికివ్వండి.