నడిమి ముక్క

"నేను పీకను," అంది మా అమ్మాయి. తొమ్మిదేళ్లు. ఎదురుగా రాళ్ల సందులో నాలుగు కొలంబైన్ పూలమొక్క మొలకలు.

"అది కలుపు తల్లీ."

"ఎవరన్నారు? నీ మొక్కకే కదా పుట్టింది. నువ్వు పెట్టిన చోట పుట్టలేదనా?"

తెలుగులోనే అంది. ఇంగ్లీషులో అనుంటే "తెలుగులో చెప్పు" అని తప్పించుకునేవాణ్ణి.

కొలంబైన్ సంగతి పెంచినవాళ్లకి తెలుసు. ఎండిన కాయలు కత్తిరించకపోతే గింజలు రాలి, మరుసటేడు ఎక్కడ చూసినా అదే. పైగా పక్క రంగులతో కలిసిపోతుంది. తల్లి ఊదా అయితే పిల్ల గులాబీ కావచ్చు. నాకు ఊదాయే కావాలి. దుబ్బు చీల్చి పెంచుదామంటే దానికి తల్లివేరు, కదిపితే అలుగుతుంది. మరీ చిన్నగా ఉన్నప్పుడే తీసి వేరేచోట నాటుకోవాలి.

నా ఇంకో పూలమొక్క, శాస్తా డైసీ, అలా కాదు. 2, 3 ఏళ్లకోసారి దుబ్బు తవ్వి విడదీయాల్సిందే, లేకపోతే నడుమ ఎండిపోయి బట్టతల తేలుతుంది. విడదీసిన ముక్క అచ్చు తల్లే. నాకు నచ్చేది అదే. మొదటిసారి విడదీసినప్పుడు అంచుల్లోని పిలకలన్నీ ఇరుగుపొరుగుకి పంచేసి, 'అసలు మొక్క' కదా అని నడిమి ముక్క నేనుంచుకున్నాను. బలమంతా అంచు పిలకల్లోనే ఉంటుందని అప్పుడు తెలీదు. వాళ్ల తోటలు విరగబూశాయి. నాది ఏడాదంతా మూలిగి నాలుగు పూలు పూసింది. చివరికి నేనిచ్చిన మొక్క నుంచే ఒక పిలక అడిగి తెచ్చుకున్నాను.

మీరు చేసేట్టయితే వసంతం మొదట్లో, చిగుళ్లు 2, 3 అంగుళాలున్నప్పుడు చేయండి. ముందురోజు నీళ్లు పెట్టి, మబ్బు పట్టిన రోజు తవ్వండి. ముక్కకి 3 నుంచి 5 పిలకలు, కింద వేళ్లు ఉండాలి. మునుపటి లోతులోనే నాటాలి. పిల్లల పెంపకం గురించి కూడా ఒకప్పుడు ఇలాగే అంగుళాల్లో చెప్పేవాణ్ణి. మాకు పిల్లలు పుట్టకముందు.

పిలకలు పంచడానికి వెళ్తూ మా అమ్మాయినీ రమ్మంటాను, నలుగురితో మాట్లాడటం అలవాటవుతుందని. 'ఫ్రీ' అని అట్ట మీద రాసి ఇంటి ముందు పెడదామంటుంది తను. అదేం మర్యాద అని కోప్పడ్డాను. నిజానికి ఇన్నేళ్లయినా పక్కింటి తలుపు కొట్టాలంటే నాకే టెన్షన్. ముందు పిల్ల నిలబడితే మాటలు అదే చూసుకుంటుంది.

ఆ సాయంత్రం తను లోపలికెళ్లాక రెండు మొలకలు పీకేశాను. ఎందుకు రెండే అంటే చెప్పలేను. నాలుగూ పీకడానికి చెయ్యి రాలేదు, నాలుగూ వదలడానికి మనసొప్పలేదు.

చీకటి పడేముందు చూస్తే అక్కడ పుల్లకి కట్టిన అట్టముక్క: 'పీకొదు'. ద వత్తు లేదు. దిద్దకూడదని రాత్రి గట్టిగా అనుకుని, పొద్దున్నే పెన్ను పట్టుకుని వెళ్లాను. కింద ఇంకో లైను చేరింది.

'ఇంకో రెండు ఏవి?'

అందులో ఒక్క తప్పూ లేదు.