గ్రిడ్ ఎంత నింపాలి, ఎండకు ఎంత చోటు వదలాలి: సోలార్ బ్యాటరీ అమరికల పురోగతి

సోలార్ ప్యానెళ్లు, గ్రిడ్ (కరెంటు సంస్థ సరఫరా) కనెక్షన్ రెండూ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని కలిపిన తర్వాత మొదలైన పని ఇది. ఇందులో పట్టేది సుమారు 5 యూనిట్లు. మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు పంపే ఏర్పాటు లేనందున, తెల్లవారేసరికి బ్యాటరీ నిండి ఉంటే ఆనాటి ఎండలో ఇంటి వాడకానికి మించినదంతా వృథాయే. చోటు లేదని గ్రహించిన ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే విద్యుత్తును నియంత్రించే భాగం) ఉత్పత్తిని తనంతట తానే తగ్గించేస్తుంది.

మొదట చూడవలసింది చార్జింగ్ ప్రాధాన్యం. ‘సోలార్ ఫస్ట్’ అన్న పేరును నమ్ముకోకూడదు. చాలా ఇన్వర్టర్లలో ఆ అమరికకు అర్థం, ఎండ లేనప్పుడు గ్రిడ్‌తో చార్జ్ చేయవచ్చునని. అంటే రాత్రంతా గ్రిడ్ బ్యాటరీని నింపుతూనే ఉంటుంది. ‘సోలార్ ఓన్లీ’ పెడితే ఆ బెడద పోతుంది కానీ, వరుసగా మబ్బు పట్టిన రోజుల్లో బ్యాటరీ అడుగంటి, సరిగ్గా కరెంటు పోయినప్పుడే అక్కరకు రాకుండా పోతుంది. అందుచేత గ్రిడ్ చార్జింగ్‌ను పూర్తిగా ఆపకుండా, దానికి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు పెట్టాను.

ఆ హద్దులను వోల్టేజీతో నిర్ణయించడమే అసలు చిక్కు. ఈ రసాయనంలో 20 శాతం చార్జ్‌కూ 80 శాతం చార్జ్‌కూ మధ్య, 16 సెల్‌ల ప్యాక్ మొత్తం మీద విశ్రాంతి వోల్టేజీలో (చార్జింగ్, లోడు రెండూ లేనప్పటి వోల్టేజీలో) తేడా రెండు వోల్టులకు మించదు. రెండు కిలోవాట్ల మోటారు నడిస్తే బ్యాటరీ నుంచి సుమారు 40 ఆంపియర్లు లాగుతుంది. కేబుళ్లు, బిగింపులు, సెల్‌ల అంతర్గత నిరోధం కలిపి 25 మిల్లీఓములున్నా ఒక వోల్టు అక్కడే పడిపోతుంది. సగం నిండిన బ్యాటరీని ఖాళీ అనుకొని ఇన్వర్టర్ గ్రిడ్‌కు మారుతుంది, లోడు తగ్గగానే వోల్టేజీ లేచి మళ్లీ బ్యాటరీకి వస్తుంది. రిలే (సరఫరాను అటూ ఇటూ మార్చే స్విచ్) టకటకలాడుతూ ఉంటే కారణం ఇదేనని మొదట అనుమానించాలి.

కాబట్టి బీఎంఎస్‌ను (బ్యాటరీ సెల్‌లను కనిపెట్టుకొని ఉండే సర్క్యూట్‌ను) కమ్యూనికేషన్ కేబుల్‌తో ఇన్వర్టర్‌కు కలిపి, హద్దులన్నిటినీ శాతాల్లోకి మార్చాను. చార్జ్ 35 శాతానికి దిగగానే లోడు గ్రిడ్‌కు మారుతుంది, 60 శాతానికి చేరాకే తిరిగి బ్యాటరీ మీదికి వస్తుంది. కరెంటు కోతల వల్ల చార్జ్ అంతకన్నా కిందికి జారితే 25 శాతం దగ్గర గ్రిడ్ చార్జింగ్ మొదలై, 40 శాతం దగ్గర ఆగిపోతుంది. పైన 60 శాతం ఖాళీ ఎండకే. కోత కోసం ఉంచిన నిల్వలో 35 నుంచి 10 శాతం వరకు వాడుకుంటే దొరికేది సుమారు 1.28 యూనిట్లు, నష్టాలు పోను 300 వాట్ల లోడుకు నాలుగు గంటలకు కొంచెం తక్కువ. కోతలు ఎక్కువగా ఉండేవారు 35ను 50 చేసుకోవచ్చు. అప్పుడు 60ను కూడా పైకి జరపాలి, ఈ రెండు అంకెలూ దగ్గరపడితే రిలే టకటకలాడే పాత తంటా మళ్లీ మొదలవుతుంది.

గ్రిడ్ చార్జింగ్ కరెంటును 10 ఆంపియర్లకు పరిమితం చేశాను. అది సుమారు అర కిలోవాటు. గ్రిడ్ నుంచి నింపి మళ్లీ వాడుకొనే ప్రతి యూనిట్‌లోనూ చార్జర్, ఇన్వర్టర్ కలిసి కొంత భాగం తినేస్తాయి కనుక, నేరుగా గ్రిడ్ మీద నడవగలిగిన లోడును బ్యాటరీ చుట్టూ తిప్పడం అనవసరం.

శాతాల లెక్కకూ ఒక బలహీనత ఉంది. లోపలికీ బయటికీ పోయే కరెంటును కూడి తీసి బీఎంఎస్ ఈ అంకె చూపిస్తుంది, చిన్న చిన్న తేడాలు పోగుపడితే లెక్క పక్కకు జరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడే అది సరిపడుతుంది. సెల్‌లన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చే బ్యాలెన్సింగ్ కూడా సాధారణంగా సెల్‌కు 3.4 వోల్టులు దాటాకే పనిచేస్తుంది. అందుకే చార్జింగ్ పై వోల్టేజీని 55.2 వద్ద ఉంచి, ఎండ బాగా ఉన్న రోజుల్లో అక్కడే కొంతసేపు నిలవనిస్తున్నాను. మబ్బుల వల్ల చాలా రోజులు ఆ స్థాయికి చేరకపోతే మాత్రం, మినహాయింపుగా గ్రిడ్‌తో ఒకసారి పూర్తిగా నింపుతాను.

మిగిలిన పని కమ్యూనికేషన్ కేబుల్ ఊడిపోయినప్పటి సంగతి. అప్పుడు ఇన్వర్టర్ తిరిగి వోల్టేజీ హద్దులకే వెళ్తుంది కాబట్టి, గ్రిడ్‌కు మారడానికి 51, బ్యాటరీకి తిరిగి రావడానికి 54 వోల్టులు పెట్టి ఉంచాను. పెద్ద లోడు నడుస్తుండగా కేబుల్ తీసి ఈ అంకెలను ఇంకా పరీక్షించాలి.