తొడుగు ఊడిన నరాలు: నా అనుభవం

విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్ళు లైన్ల మీద పనిచేసి విజయనగరంలో స్థిరపడిన నాకు, రెండేళ్ళ క్రితం ఆషాఢంలో, విరేచనాలు తగ్గిన పది రోజులకు కాలి వేళ్ళలో తిమ్మిరి మొదలైంది. మర్నాటికి అది మోకాళ్ళ దాకా పాకింది. మూడో రోజున మేడ మెట్లు ఎక్కలేక కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. వీధి చివరి క్లినిక్‌లో "నరాల బలహీనత" అని బీ12 ఇంజెక్షన్లు రాశారు. సెలైన్ పెట్టేటప్పుడు దొరకనిదీ మనకు నరమే, కాలు చచ్చుబడితే దెబ్బతిన్నదీ నరమే. ఆ మాటలో ఏ జబ్బయినా ఇమిడిపోతుంది కాబట్టి నేను మరో రెండు రోజులు నిశ్చింతగా ఉండిపోయాను.

అన్నం ముద్ద నోటిదాకా రాకపోయేసరికి మా అబ్బాయి నన్ను విశాఖపట్నం తీసుకువెళ్ళాడు. అక్కడి న్యూరాలజిస్టు రబ్బరు సుత్తితో మోకాలిచిప్ప కింద కొట్టి చూశారు. కాలు కదలలేదు. ఆ దెబ్బ కబురు జ్ఞాన నాడి గుండా వెన్నుపామును చేరి, మెదడు అనుమతి కోసం ఆగకుండా, అక్కడి నుంచే చాలక నాడి గుండా తొడ కండరానికి తిరిగి రావాలట. నా మాట, జ్ఞాపకం సరిగానే ఉన్నందున మెదడు, వెన్నుపాము కలిసిన కేంద్ర నాడీ వ్యవస్థను ఆయన అంతగా అనుమానించలేదు. వాటి నుంచి బయలుదేరే 12 జతల కపాల నాడులు, 31 జతల వెన్ను నాడులు ఉన్న పరిధీయ వ్యవస్థలోనే తేడా ఉందన్నారు. జబ్బు పేరు గిలియన్ బారే సిండ్రోమ్. 1916లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుల పేర్లే అవి.

జీవితమంతా షాక్ తగలకుండా జాగ్రత్తపడిన మనిషికి చేతికీ కాలికీ తీగలు అంటించి చిన్న చిన్న షాకులు ఇచ్చారు. ఆరోగ్యవంతుల ముంజేతి నరంలో సెకనుకు సుమారు 50 మీటర్లో అంతకు పైనో పోయే సంకేతం నాకు 28 దగ్గరే ఉంది. తీగ బాగుంది, ఇన్సులేషన్ పోయింది అని నేను నాకు తెలిసిన భాషలో అర్థం చేసుకున్నాను. డాక్టరు గారు సగమే ఒప్పుకున్నారు. నాడీకణం నుంచి సాగే పొడవాటి ఆక్సాన్ చుట్టూ ఒక్కో ష్వాన్ కణం ఇంచుమించు ఒక మిల్లీమీటరు మేర మయలిన్ పొరను చుట్టుకుని ఉంటుందనీ, రెండు కణాల మధ్య ఉండే సన్నని ఖాళీ నుంచి మరో ఖాళీకి సంకేతం దూకుతూ పోతుందనీ వివరించారు. మెదడులో, వెన్నుపాములో ఈ పని ఆలిగోడెండ్రోసైట్లది; అవి ఒక్కొక్కటీ చేతులు చాచి ఎన్నో ఆక్సాన్లకు తొడుగు వేస్తాయి. విరేచనాల క్రిమి కోసం నా ఒళ్ళు తయారుచేసిన ప్రతిరక్షకాలు పొరబడి పరిధీయ నరాల తొడుగు మీద పడ్డాయి, అందుకే మెదడు తప్పించుకుంది. ప్లాస్టిక్ తొడుగు పోతే కొత్తది మనమే వేయాలి. ష్వాన్ కణాలు విభజన చెంది తామే మళ్ళీ చుట్టుకుంటాయి. ఈ ఒక్క మాట పట్టుకునే నేను ఐసీయూలో రోజులు గడిపాను.

కిలో బరువుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాల మందు) ఎక్కించారు. ఊపిరి కండరాల బలం చూడడానికి పూటపూటా వచ్చి ఒకే ఊపిరితో అంకెలు లెక్కపెట్టమనేవారు. మొదటి రోజు 28 దాకా వెళ్ళినవాణ్ణి నాలుగో రోజు 15 దగ్గర ఆగిపోయాను. పక్కనే వెంటిలేటరు సిద్ధం చేసి ఉంచారు. ఆ రాత్రి బీపీ ఉన్నట్టుండి పెరిగి, గంటలోపే పడిపోయింది. గుండెనూ రక్తనాళాలనూ మనకు తెలియకుండా నడిపించే స్వయంచోదిత నాడులకు కూడా తొడుగులు దెబ్బతిన్నాయేమో అని నేను అడిగితే, అక్కడ కొన్ని తంతువులకు తొడుగు పలచనే, చాలావాటికి అసలు ఉండదు, అయినా ఈ జబ్బు వాటినీ వదలదన్నారు. ఆరో రోజున 19 వచ్చింది. వెంటిలేటరు అవసరం రాలేదు.

చేతులు నెలలోపు తిరిగి వచ్చాయి, కాళ్ళకు వాకరుతో ఐదు నెలలు పట్టింది. నడుము దగ్గరి నుంచి కాలి బొటనవేలి దాకా పోయే ఆక్సాన్ దాదాపు ఒక మీటరు ఉంటుంది. తొడుగుతో పాటు ఆక్సానే తెగిన చోట అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. కిందటేడు సిరిమానోత్సవం నాడు, మూడు లాంతర్ల దగ్గర జనంలో, నా ఎడమ చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. మా ఆవిడ చూసి చెప్పాక వెనక్కి తిరిగి వెతుక్కున్నాను.