బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్: డోసు పెంచే వారాల్లో ఏం జరుగుతుంది

ఈ ఇంజెక్షన్లలో వెగోవీ 0.25 మిల్లీగ్రాములతో మొదలవుతుంది, మౌంజారో 2.5తో. ఈ మొదటి డోసు బరువు తగ్గించడానికి కాదు, పొట్టకి మందు అలవాటు చేయడానికి. ఈ సంగతి ముందే తెలియకపోతే, రెండు వారాలైనా కాటా కదల్లేదని సొంతంగా డోసు పెంచేసుకుంటారు. వాంతులతో డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చేది ఎక్కువగా అప్పుడే.

అసలు క్రమం ఇది. వెగోవీ అయితే నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.25, 0.5, 1, 1.7, 2.4. మౌంజారో అయితే 2.5 తర్వాత 5, అక్కడి నుంచి కనీసం నాలుగు వారాల తేడాతో 2.5 చొప్పున, గరిష్ఠం 15. చివరి మెట్టు దాకా ఎక్కితీరాలన్న నియమమేమీ లేదు. 5 మీదే బరువు బాగా తగ్గుతుంటే 7.5కి ఎందుకు వెళ్లాలి? వికారం తగ్గకుండా పైమెట్టు ఎక్కడం కంటే, డాక్టరుకు చెప్పి అదే డోసు మీద ఇంకో నెల ఉండటం మేలు.

ఈ మందులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, మెదడులో ఆకలిని అణచివేస్తాయి. వికారం వచ్చేదీ ఆ దారిలోనే. సెమాగ్లూటైడ్ (వెగోవీలో ఉండే మందు) మీద జరిగిన స్టెప్ 1 అధ్యయనంలో మందు తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికి వికారం వచ్చింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 17 శాతానికి. కానీ పొట్ట ఇబ్బందుల వల్ల మందు మానేసినవాళ్లు 4.5 శాతమే. అంటే చాలామందికి ఇది సర్దుకునే బాధే. సర్దుకోనిది తిండి మారనప్పుడు. రాత్రి పదింటికి బిర్యానీ, పైన మిర్చి బజ్జీ తింటే అవి తెల్లారినా కడుపులోనే ఉంటాయి. నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా తిని, చాలనిపించగానే ఆపేయాలి. విస్తట్లో వదిలేస్తే ఏమనుకుంటారో అనే మొహమాటం ఈ మందుతో కుదరదు. వికారం సాధారణంగా ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువ, కాబట్టి పెళ్లికి ముందు రోజు సూది పడకుండా వారంలో ఏ రోజు వేసుకోవాలో ఎంచుకోండి.

తినేదే తగ్గినప్పుడు అన్నం, చారుతోనే పొట్ట నింపుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ముందు గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఆ తర్వాతే అన్నం. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాముల ప్రొటీన్ మాత్రమే, కాబట్టి రోజుకు ఒక్క గుడ్డుతో లెక్క తేలదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అసలు ప్రమాదం కిడ్నీకి. అందులోనూ ఎండాకాలంలో, బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లకి. ఓఆర్ఎస్ గుక్కలు గుక్కలుగా తాగాలి. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మాత్ర ఆపాలా వద్దా అక్కడ తేలుస్తారు.

షుగరు ఉన్నవాళ్లు మొదటి ఇంజెక్షన్‌కి ముందే తమ మాత్రల చీటీ చూపించాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్ద చిక్కు లేదు. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉంటే షుగరు మరీ పడిపోవచ్చు, వాటి డోసు తగ్గించాల్సి రావచ్చు. మన దగ్గర మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిపిన బిళ్ల మామూలే, అందుకే పేరు కింద చిన్న అక్షరాలు చదవండి. కంటి రెటీనా ముందే దెబ్బతిన్నవాళ్లకి మొదలుపెట్టేముందు కంటి పరీక్ష కావాలి.

గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడని నొప్పులు రెండు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకి, తగ్గకుండా ఉండే తీవ్రమైన నొప్పి: పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం: గాల్‌స్టోన్స్ (పిత్తాశయంలో రాళ్లు) కావచ్చు, బరువు వేగంగా తగ్గితే రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మందు ఆపి వెంటనే వెళ్లాలి. ఒక కంటికి హఠాత్తుగా చూపు మసకబారితే, అరుదైనదే అయినా, అదీ అత్యవసరమే.

"మాకు థైరాయిడ్ ఉంది, వేసుకోవచ్చా?" అని చాలామంది అడుగుతారు. హెచ్చరిక ఉన్నది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ గురించి. అది తమకో రక్తసంబంధీకులకో వచ్చి ఉంటే, లేదా మెన్ 2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే ఈ మందు వద్దు. థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్లకి అడ్డంకి లేదు, బరువు తగ్గేకొద్దీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చూసుకుంటే చాలు. గర్భిణులకు పనికిరాదు. పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మౌంజారో అయితే గర్భనిరోధక మాత్రల పని తగ్గుతుంది, కాబట్టి మొదలుపెట్టాక నాలుగు వారాలు, ఆపై డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి.

వయల్ (మందు ఉండే చిన్న సీసా) కొన్నవాళ్లు సిరంజి దగ్గర పొరబడతారు. మౌంజారో వయల్‌లో ఒక డోసు 0.5 మిల్లీలీటరు. 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అది 50 గీత, 40 యూనిట్ల సిరంజిలో 20 గీత. మన మందుల షాపుల్లో రెండూ దొరుకుతాయి. సిరంజి మీద రాసింది చూడకుండా ఎవరో చెప్పిన గీత పట్టుకుంటే డోసు తారుమారవుతుంది.

మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టింది పారేయాలి. బయట 30 డిగ్రీల లోపు మౌంజారో వయల్ 21 రోజులు నిలుస్తుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గది 30 దాటే ఉంటుంది, కాబట్టి ఆ వెసులుబాటును లెక్కలోకి తీసుకోకండి.

ఒక వారం మర్చిపోతే మౌంజారో నాలుగు రోజుల లోపు వేసుకోవచ్చు. వెగోవీ అయితే తర్వాతి డోసుకి రెండు రోజుల కంటే ఎక్కువ సమయం ఉంటేనే. రెండు డోసులు ఒకేసారి ఎప్పుడూ వద్దు. వరుసగా రెండు మూడు వారాలు తప్పితే పాత డోసుతోనే మొదలుపెట్టకుండా డాక్టరుని అడగండి, కింది మెట్టు నుంచి ఎక్కమనొచ్చు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి తప్పక చెప్పాలి, ఉపవాసం ఉన్నా కడుపులో తిండి మిగిలి ఉండొచ్చు.