రోజంతా వినేవాళ్లకు ఏ పాడ్‌కాస్ట్ యాప్? మగ్గం పని మధ్య తేల్చుకున్న నా అనుభవం

మగ్గం పనిలో రెండు చేతులకూ తీరిక ఉండదు. పై చేయి ఆరీ సూది పట్టుకుంటుంది. కింది చేయి గుడ్డ అడుగు నుంచి దారాన్ని సూది కొక్కేనికి అందిస్తుంది. కుట్టు మధ్యలో కింది చేయి తీశామా, దారం వదులై అప్పటిదాకా వేసిన గొలుసు కుట్టు ఊడివస్తుంది. కళ్లు గుడ్డను దాటి పోవు. మిగిలింది చెవులే. పెళ్లిళ్ల కాలంలో టిఫిన్ అయ్యాక ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, రాత్రి మగ్గం మీద పాత చీర కప్పేదాకా ఏదో ఒక పాడ్‌కాస్ట్, అంటే ఇంటర్నెట్‌లో విడతలుగా వచ్చే ఆడియో కార్యక్రమం, వింటూనే ఉంటాను. కథలు, సాహిత్య సంభాషణలు, చరిత్ర, ఆరోగ్యం, అప్పుడప్పుడు ఆంగ్లంలో నాలుగేసి గంటలు సాగే ఇంటర్వ్యూలు.

ఇంతగా వినేవాళ్లకు ఏ యాప్ సరిపోతుందని వెతికితే కనిపించే పోలికలు ఎక్కువగా ఎన్ని కార్యక్రమాలు దొరుకుతాయన్న లెక్కతో మొదలవుతాయి. నా ఇబ్బంది అది కానే కాదు. దొరికినవే వినలేనన్ని పోగుపడుతున్నాయి. వాటిని వరుసలో పెట్టడం, ఫోను ముట్టుకోకుండా నడిపించుకోవడం, ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మళ్లీ మొదలవడం, ఇవి నాకు ముఖ్యం. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఏళ్లుగా పోగు చేసుకున్న నా జాబితా నా చేతిలో ఉండటం.

ఆ జాబితా గురించి ఆలోచన 2024లో వచ్చింది. అంతకుముందు వాడుతున్నది గూగుల్ పాడ్‌కాస్ట్స్. 2018లో వచ్చిన ఆ యాప్‌ను 2024 ఏప్రిల్‌లో అమెరికాలో, ఆ తర్వాత కొద్ది నెలలకే మిగతా దేశాల్లో నిలిపివేశారు. నిలిపే ముందు రెండు దారులు చూపించారు: చందాలన్నీ, అంటే మనం వరసగా వినడానికి ఎంచుకున్న కార్యక్రమాలన్నీ, యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోవడం, లేదా ఓపీఎంఎల్ ఫైలుగా దించుకోవడం. నేను ఫైలు దించుకున్నాను.

ఓపీఎంఎల్ అంటే బెదరాల్సిన పని లేదు. శుభలేఖలు పంచడానికి ముందుగా రాసుకునే చిరునామాల కాగితం లాంటిది. అందులో ఎపిసోడ్లు ఉండవు, ఒక్కొక్క కార్యక్రమం ఎక్కడ దొరుకుతుందో ఆ చిరునామా మాత్రమే ఉంటుంది. పాడ్‌కాస్ట్ అనేదే ఆ చిరునామా మీద నిలబడ్డ ఏర్పాటు. కార్యక్రమం చేసేవాళ్లు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే చిన్న ఫైలును ఇంటర్నెట్‌లో ఉంచుతారు. కొత్త ఎపిసోడ్ వచ్చినప్పుడు దాని పేరు, తేదీ, ఆడియో ఉన్న చోటు అందులో చేరుస్తారు. ఆడియో ఉన్న చోటు చెప్పే ట్యాగును డేవ్ వైనర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2000లో చేర్చారు. అప్పటికి పాడ్‌కాస్ట్ అనే పేరే పుట్టలేదు. ఇప్పటికీ అదే పద్ధతి. అందుకే ఒకే కార్యక్రమాన్ని ఏ యాప్‌లో అయినా వినవచ్చు. ఈ తెరిచి ఉన్న పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఏ యాప్ దీన్ని గౌరవిస్తుందో చూడటమే నా మొదటి పరీక్ష అయింది.

ఆ పరీక్షలో స్పాటిఫై పక్కకు పోయింది. 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చిన ఈ యాప్ పాటలకు బాగుంటుంది, డబ్బు కట్టకుండానే పాడ్‌కాస్ట్ ఎపిసోడ్లు దించుకోనిస్తుంది కూడా. కానీ నేను చూసిన నాటికి అందులోకి ఓపీఎంఎల్ ఫైలు తెచ్చుకునే వీలు లేదు, మన దగ్గరున్న ఫీడ్ చిరునామా చేర్చుకునే వీలూ లేదు. పేరు పెట్టి ఒక్కొక్కటీ వెతుక్కోవాల్సిందే. రోజుకు ఒక ఎపిసోడ్ వినేవాళ్లకు ఇది పెద్ద లోటు కాదు. నాలాంటి వాళ్లకు అక్కడే తేలిపోతుంది.

మిగిలినవి మూడు: పాకెట్ కాస్ట్స్, యాంటెనాపాడ్, పాడ్‌కాస్ట్ అడిక్ట్. మూడింటిలోనూ నా ఫైలు తెరిస్తే చందాలన్నీ వచ్చేశాయి. పాడ్‌కాస్ట్ అడిక్ట్‌లో లేని సౌకర్యం లేదు, రేడియో కూడా వినవచ్చు. కాకపోతే ఆ సెట్టింగుల మధ్య నాకు కావలసినది వెతుక్కోవడానికే సమయం పోయింది. ఉచితంగా వాడితే తెర మీద ప్రకటనలూ ఉంటాయి. ఓపికగా సర్దుకునేవాళ్లకు అది మంచి యాప్. నేను మిగతా రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలా కాలం వాడాను.

ముందుగా చూసింది ఇయర్‌ఫోన్ మీటను. చాలా పోలికల్లో దీని ఊసే ఉండదు. నాది వైరు ఇయర్‌ఫోన్, దాని మీద ఒకటే మీట. ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే ముందుకు, మూడుసార్లు నొక్కితే వెనక్కు. పాటల యాప్‌లో ముందుకు అంటే తర్వాతి పాట. పాడ్‌కాస్ట్‌లో అలా జరిగితే గంటన్నర సంభాషణ మధ్యలో మాయమై ఇంకేదో మొదలవుతుంది. చేతికి జిగురు, వేళ్ల మధ్య కట్ బీడ్స్, అటువంటప్పుడు ఫోను తీసి వెనక్కు వెళ్లడమంటే పని ఆపడమే. యాంటెనాపాడ్ సెట్టింగుల్లో ఈ మీటకు ఏ పని అప్పగించాలో మనమే ఎంచుకోవచ్చు: కొన్ని సెకన్లు ముందుకు జరగడమా, ఎపిసోడ్ దాటడమా. పాకెట్ కాస్ట్స్‌లోనూ హెడ్‌ఫోన్ మీటలకు ఇలాంటి ఏర్పాటు ఉంది. నేను రెండు నొక్కులకు ముప్పై సెకన్లు ముందుకు, మూడు నొక్కులకు పది సెకన్లు వెనక్కు పెట్టుకున్నాను. ఒక పేరు సరిగ్గా వినబడకపోతే పై చేత్తో మూడుసార్లు నొక్కితే చాలు, కింది చేయి కదలదు. ఈ ఒక్క సెట్టింగు నాకు మిగిల్చిపెట్టిన పని గంటలు మరే సౌకర్యమూ మిగల్చలేదు.

తర్వాతది వరుస. రాత్రి పడుకునే ముందు మర్నాటి వరుస సిద్ధం చేసుకోవడం నా అలవాటు. పాకెట్ కాస్ట్స్‌లో 'అప్ నెక్స్ట్' అనే జాబితా ఉంటుంది. ఏ ఎపిసోడ్‌నైనా జాబితా మొదటికో చివరికో పంపవచ్చు, వేలితో లాగి పైకీ కిందికీ జరపవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఇందులో అది యాంటెనాపాడ్ కంటే మెరుగు. యాంటెనాపాడ్‌లో నన్ను ఆకట్టుకున్నది వేరు. వరుసను కలగలిపే ఒక పద్ధతి ఉంది, ఒకే కార్యక్రమం ఎపిసోడ్లు వెంటవెంటనే రాకుండా మధ్యమధ్య మిగతావాటిని పేరుస్తుంది. ఒకే గొంతు ఉదయమంతా వింటే ఎంత మంచి గొంతైనా చెవికి అలసట. ఈ కలగలుపు మొదలయ్యాక మధ్యాహ్నం పూట వచ్చే ఆ బరువు తగ్గింది.

నిశ్శబ్దాన్ని కత్తిరించే సౌకర్యం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మాటల మధ్య ఖాళీలను యాప్ గుర్తించి తీసేస్తుంది, గంట ఎపిసోడ్ కొన్ని నిమిషాలు తగ్గుతుంది. ఆరోగ్యం, డబ్బు, వార్తల వంటి వాటికి ఇది బాగానే ఉంటుంది. కథకు మాత్రం వద్దే వద్దు. తెలుగు సాహిత్య పాడ్‌కాస్ట్ 'హర్షణీయం'లో ఒక కథ చదువుతుంటే, ఒక వాక్యం తర్వాత చదివేవారు ఆగే క్షణం కూడా కథలో భాగమే. దాన్ని కోసేస్తే పాత్రలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వేగం సంగతీ అంతే. ఒకటిన్నర రెట్ల వేగంలో గంట ఎపిసోడ్ నలభై నిమిషాల్లో అయిపోతుంది నిజమే, కానీ మన భాషలో హల్లు వత్తులు, దీర్ఘాలు ఆ వేగానికి నలిగిపోతాయి, పద్యమైతే ఛందస్సే చెడుతుంది. అందుకని కార్యక్రమానికొక వేగం, కార్యక్రమానికొక అమరిక పెట్టుకునే వీలు ఉండాలి. ఈ రెండు యాప్‌లలోనూ ఉంది. మొదటి ఇన్ని సెకన్లు, చివరి ఇన్ని సెకన్లు వదిలేయమని కార్యక్రమం వారీగా చెప్పడం కూడా కుదురుతుంది. ప్రతి ఎపిసోడ్‌కీ అదే ఆరంభ సంగీతం వినాల్సిన పని తప్పింది.

గొంతు స్థాయి ఇంకొక చిక్కు. ఇంట్లో రికార్డు చేసే తెలుగు కార్యక్రమాల్లో అడిగేవారి గొంతు గట్టిగా, ఫోనులో మాట్లాడే అతిథి గొంతు మెల్లగా వినిపించడం మామూలే. పాకెట్ కాస్ట్స్‌లో గొంతును పైకెత్తే 'వాల్యూమ్ బూస్ట్' పనితనం బాగుంది, కుట్టు మిషన్లు నడుస్తున్నప్పుడు కూడా మాట తెలుస్తుంది. యాంటెనాపాడ్‌లో కార్యక్రమం వారీగా శబ్దం పెంచడం, తగ్గించడం ఉంది గాని నా చెవికి మొదటిదే మెరుగు.

ఒక రోజు ఒకే ఎపిసోడ్ రెండు యాప్‌లలో రెండు నిడివుల్లో కనిపించింది. ఎందుకని చదివితే తెలిసింది: కొన్ని కార్యక్రమాల్లో ప్రకటనలు ముందే రికార్డు చేసి ఉండవు, మనం దించుకునే సమయంలో సర్వరు మన ప్రాంతాన్ని బట్టి చేరుస్తుంది. నిన్న దించిన ఫైలు, ఈరోజు దించిన ఫైలు ఒకటి కాకపోవచ్చు. అలాంటప్పుడు వివరణలో ఇచ్చిన నిమిషాల గుర్తులు తప్పుతాయి, ఫోనులో ఆపి కంప్యూటర్‌లో మొదలుపెడితే కాస్త ముందో వెనకో పడతాం. ఇందులో యాప్ తప్పు లేదు. గంటల కొద్దీ సాగే ఎపిసోడ్‌ను ఒకసారి దించుకుని, అదే పరికరంలో పూర్తి చేయడమే దీనికి విరుగుడు.

యాప్ తప్పు కానిది ఇంకొకటి ఉంది, చాలామంది యాప్‌నే తిట్టుకుంటారు. తెర ఆరిపోయిన కొంతసేపటికి మాట ఆగిపోవడం. నా పాత ఫోనులో ఇది పదేపదే జరిగేది. బ్యాటరీ ఆదా కోసం ఫోనే వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంది. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్ పేరు తెరిచి, బ్యాటరీ అనే చోట పరిమితి లేకుండా నడవనివ్వమని ఎంచుకుంటే సరి. రాత్రి వైఫైలో దానంతట అదే దించుకోవాల్సినవి ఆగిపోతుంటే కూడా ముందు ఇక్కడే చూడాలి. యూట్యూబ్ సంగతి వేరు, అక్కడ తెర ఆరాక కూడా నడవాలంటే ప్రీమియం చందా కావాలి. కిరణ్ ప్రభ గారి టాక్ షోలు నేను యూట్యూబ్‌లోనే వింటాను కాబట్టి వాటిని భోజనం వేళకు, ఫోను ఎదురుగా పెట్టుకునే సమయానికి ఉంచుకున్నాను.

దించుకోవడం దగ్గర లెక్క తెలిసి ఉంటే మంచిది. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో ఉన్న ఎంపీ3 గంటకు దాదాపు 58 ఎంబీ అవుతుంది, 64 కిలోబిట్లయితే అందులో సగం. రోజుకు ఎనిమిది గంటలు వినేవాళ్లకు పెద్ద ఫైళ్లయితే 460 ఎంబీ దాటుతుంది. రోజువారీ డేటా ప్యాక్ మీద అది తక్కువ భారం కాదు, ఫోను నిండిపోవడం ఇంకొక భారం. విన్న వెంటనే తుడిచివేయమని రెండు యాప్‌లకూ చెప్పవచ్చు. కథలను మాత్రం తుడవకుండా దాచుకుంటాను.

తెలుగు కార్యక్రమాలు వెతకడానికి ఒక చిన్న చిట్కా: తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ, ఆ అక్షరాల్లో ఒకటికి రెండు రకాలుగానూ రాసి చూడాలి. ఒక దీర్ఘాన్ని 'ee' అని రాశారా, 'i' అని రాశారా అన్నదాన్ని బట్టి దొరకడం, దొరకకపోవడం ఉంటుంది. యాంటెనాపాడ్ యాపిల్ జాబితాలోనూ, పాడ్‌కాస్ట్ ఇండెక్స్ అనే మరో జాబితాలోనూ వెతకనిస్తుంది. ఒకచోట లేనిది ఇంకొకచోట దొరికింది నాకు.

చివరికి నా ఫోనులో నిలిచింది యాంటెనాపాడ్. అది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నడిపే ఓపెన్ సోర్స్ యాప్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఖాతా అడగదు, ప్రకటనలు లేవు, డబ్బూ లేదు. నాకు మగ్గం నేర్పిన పెద్దావిడ పాడిన పెళ్లిపాటలను ఒక ఫోల్డరులో దాచుకున్నాను. ఆ ఫోల్డరును కూడా ఒక పాడ్‌కాస్ట్‌లా చేర్చుకోనిచ్చింది, ఇప్పుడు అవి కూడా నా వరుసలో వస్తాయి. పాకెట్ కాస్ట్స్ ముచ్చటైన యాప్, దాన్ని తక్కువ చేయను. 2021లో ఆటోమాటిక్ సంస్థ కొన్నది, 2022లో ఫోను యాప్‌ల కోడ్‌ను అందరికీ తెరిచారు. ఫోను, కంప్యూటర్ రెండింటి మీదా వినేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. ఐఫోన్ వాడే మా చెల్లెలికి యాంటెనాపాడ్ పనికిరాదు, అది ఆండ్రాయిడ్‌కు మాత్రమే. తనకు ఓవర్‌కాస్ట్ పెట్టి ఇచ్చాను. నిశ్శబ్దాలను కుదించడం, గొంతును సమం చేయడం ఆ యాప్‌కు మొదటి నుంచీ పేరు తెచ్చిన పనులు. నా ఓపీఎంఎల్ ఫైలు వాట్సాప్‌లో పంపితే తన ఫోనులో నా చందాలన్నీ తెరుచుకున్నాయి. తనకు నచ్చనివి రెండు తీసేసి, తనకు నచ్చినవి చేర్చి, ఆ ఫైలును మళ్లీ నాకు పంపింది. వాటిలో ఒకటి ఇప్పుడు నా ఉదయపు వరుసలో మొదట ఉంటుంది.